ఈ మ్యాప్ ఏ నెలది సార్? గండిపేట చెరువు మీద ఒక కేస్ స్టడీ

నేను నీటి నాణ్యత, రిజర్వాయర్ల నిర్వహణ మీద పనిచేసే ఇంజినీరుని. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ అంచున ఉన్న గండిపేట చెరువు మీద ఒక నోట్ తయారుచేసి ఇమ్మని పని వచ్చింది. కాగితాల్లో దాని పేరు ఉస్మాన్‌సాగర్. పని ఇచ్చినవాళ్లెవరన్నది ఇక్కడ అనవసరం. తాగునీటికి ఇబ్బంది రాకూడదు, జనం వచ్చి కాసేపు కూర్చునేలా ఉండాలి, పక్షులు చెదరకూడదు, దీనికి ఏం చేయాలో రాసివ్వండి అన్నారు. అడిగింది సూటిగానే ఉంది, నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు పట్టుకున్నారో, దాన్నుంచి రెండో నోట్ ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

ముందు చెరువు సంగతి

గండిపేటను తాగునీటి కోసమే కట్టారని చాలామంది అనుకుంటారు. కట్టించింది వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్ మీద పడి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన లెక్కలో నగరానికి ఎగువన 788 చెరువులున్నాయి, ఆ వానకు వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్లు కిందిదాని కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. అన్నీ కలిసి చాదర్‌ఘాట్ దగ్గరికి వచ్చేసరికి వాన నీళ్లకు చెరువుల నీళ్లు తోడయ్యాయి. నగరానికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపి మెల్లగా వదలాలని ఆయన చెప్పారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదానికి అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండోదానికి ఆయన పెద్దకొడుకు పేరు పెట్టారు.

తాగునీరు దానికి తోడొచ్చిన లాభం. అయితే మామూలు లాభం కాదు. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు వాలు మీదే, కప్పు వేసిన కాలువలో నడిచి వస్తాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. హిమాయత్‌సాగర్ నీళ్లూ మీరాలం ఫిల్టర్లకు అలాగే వస్తాయి. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదిలిపోడు అని మన పెద్దలు అనేది ఈ నీళ్ల గురించే.

పూర్తి మట్టం 1,790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. హిమాయత్‌సాగర్‌కు 1,763.5 అడుగులు, దాదాపు 3 టీఎంసీలు. ఈ అంకెలు వర్షాకాలంలో పేపర్లో రోజూ వస్తాయి కాబట్టి హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కొత్తేమీ కాదు.

మొదటి ప్లాన్

నేను చేసింది ఎవరైనా చేసే పనే. శాటిలైట్ ఫోటో తీసుకున్నాను. మంచి వానలు పడ్డ ఏడాది, నవంబరు నెలది. నీళ్లు అంచుల దాకా నిండి నీలంగా మెరుస్తోంది. దాని మీద రంగులు వేశాను. కట్ట దగ్గర, నీళ్లు తీసే తూము చుట్టూ ఎరుపు, అక్కడికి ఎవరూ రాకూడదు. మధ్యలో ఒక ఒడ్డు వెంబడి ఆకుపచ్చ, అక్కడ నడక దారి, తొక్కుడు పడవలకు చిన్న జెట్టీ. మూసీ వచ్చి కలిసే పైభాగంలో లోతు తక్కువ, అక్కడ పసుపు, అది పక్షులది. ముగ్గురికి మూడు చోట్లు ఇచ్చేశాం, గొడవ లేదు అనుకున్నాను. పెద్ద షీటు మీద ప్రింటు తీయించి ఆఫీసులో గోడకు తగిలిస్తే చూసినవాళ్లంతా బాగుందన్నారు.

ఫీల్డుకి వెళ్లకుండా గీశానని అనుకోవద్దు. రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ చలికాలమే.

మే నెల రెండో వారం

ప్రింటు చుట్టుకుని ఒక ఉదయం కట్ట మీదికి వెళ్లాను. అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న లష్కర్, అంటే చెరువును కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి, ఒకాయన ఉన్నారు. పొద్దున్నే మెట్లు దిగి గోడకు కొట్టిన గేజీ పలక మీద మట్టం చూసి, పైకొచ్చి రిజిస్టర్‌లో రాస్తారు. అడుగులు, దాని పక్కన పదో వంతులు. ఆ రోజు ఆయన చాలా మెట్లు దిగాల్సి వచ్చింది.

గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి మ్యాప్ పరిచాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు.

"ఇది ఏ నెలకు గీసిన్రు సార్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "నెల అంటే ఏంటి పెద్దాయనా, చెరువు మొత్తానికీ గీశాను" అన్నాను.

ఆయన నవ్వలేదు, వాదించలేదు. వేలు చూపించారు. నేను జెట్టీ గీసిన చోట బర్రెలు మేస్తున్నాయి. నీళ్లు అక్కణ్ణుంచి మూడు వందల అడుగులు వెనక్కి పోయాయి. ఆ మధ్యలో ఉన్నదంతా పైన ఎండి పగిలిన బురద, అడుగేస్తే లోపల మెత్తగా దిగుతుంది. పక్షులకు ఇచ్చిన పసుపు రంగు చోట ఒక్క పక్షి లేదు. అక్కడ ఎవరో పాలకూర, కొత్తిమీర వేసి కోసుకుపోగా మోళ్లు మిగిలాయి. పక్షులన్నీ ఇటు కట్ట వైపే ఉన్నాయి. నీటికాకులు ఎర్ర రంగు ప్రాంతంలో రాళ్ల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. నా పడవల దారి మధ్యలో తేలిన ఒక గడ్డ మీద టెర్న్‌లు అనే నీటి పక్షులు గోల చేస్తున్నాయి. దగ్గరికి పోతే తల మీదికి దూకుతున్నాయి. అంటే గుడ్లో పిల్లలో ఉన్నట్టే.

"నవంబర్ల అయితే మీరు గీసింది కరెక్టే సార్" అన్నారాయన. మ్యాప్‌లో పేరు పెట్టగలిగే తప్పేదీ లేదు. ఏడాదిలో రెండు మూడు నెలలకు అది సరైనదే. మిగతా నెలల్లో దాని మీదున్న రంగులకూ కింద నేలకూ సంబంధం లేదు.

మట్టం అసలు సంగతి

ఇది తెలియని విషయం కాదు. మన చెరువులు చలిదేశాల సరస్సుల్లా ఏడాదంతా ఒకే అంచున ఉండవు. గండిపేట లోతైన బావి కాదు, తాంబాళం. నిండుగా ఉన్నప్పుడు ఒక అడుగు తగ్గితే చాలా నేల బయటపడుతుంది. ఒక్కో ఏడాది అడుగంటుతుంది కూడా. 2016 వేసవిలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరా నాలుగూ ఎండిపోయి నగరమంతా కృష్ణా, గోదావరి నీళ్ల మీదే బతికింది. నాకు ఇవన్నీ తెలుసు, పవర్‌పాయింట్‌లో చెప్పాను కూడా. మ్యాప్ గీసేటప్పుడు మాత్రం మర్చిపోయాను.

ఆ రోజు కట్ట మీదే కూర్చుని మ్యాప్ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో రాసుకున్నాను, ఎవరికి ఏ నెలలో ఎంత మట్టం కావాలి అని.

తాగునీటి వాళ్లకు ఎప్పుడూ నిండుగా ఉండాలి. నిల్వ కోసమే కాదు. మట్టం పడిపోతే నీళ్ల నాణ్యత కూడా పడిపోతుంది. ల్యాబులో జార్ టెస్ట్ చేస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది. ఆరు గాజు బీకర్లలో అదే నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం ఎక్కువ పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత ఇరవై నిమిషాలు మెల్లగా తిప్పుతాం. జనవరిలో తెచ్చిన నీళ్లయితే రెండో బీకర్లోనో మూడో బీకర్లోనో విరిగిన పాలలా తునకలు కట్టి, తిప్పడం ఆపగానే దిగిపోతాయి, పైన నీళ్లు తేటగా నిలుస్తాయి. మే నెల నీళ్లలో ఆ తునకలు పచ్చగా ఉంటాయి, దిగకుండా మధ్యలోనే వేలాడతాయి. పాచి ఎక్కువైందని అర్థం. ఇంకా పటిక పోస్తూ పోవాలి. అయినా ఒకటి మిగిలిపోతుంది, వాసన. కొత్త కుండలో నీళ్ల వాసన లాంటిది. జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. గ్రామును వంద కోట్ల ముక్కలు చేసి, పది ముక్కలు లీటరు నీళ్లలో కలిపినా మనిషి ముక్కు పసిగడుతుంది. దాని వల్ల ఆరోగ్యానికి ఏమీ కాదు, మామూలు ఫిల్టరుకీ క్లోరిన్‌కీ అది పోదు. ఫిర్యాదుల ఫోన్లు మాత్రం మోగుతాయి.

చూడ్డానికి వచ్చేవాళ్లకూ నిండుగానే ఉండాలి. బురద చూడ్డానికి ఎవరూ పిల్లల్ని వేసుకుని రారు.

పక్షుల లెక్క వేరు. నీటికాకులకు, గూడబాతులకు లోతు నీళ్లలో చేపలుంటే చాలు. ఉల్లంకి పిట్టల్లాంటి సన్నకాళ్ల పక్షులకు తడి బురద కావాలి, అందులోని పురుగులే వాటి తిండి. ఫ్లెమింగోలు వచ్చిన ఏడు వాటికీ మోకాలి లోతు నీళ్లే కావాలి. అంటే దీపావళి నుంచి ఉగాది దాకా మట్టం రోజుకు కొంచెం చొప్పున తగ్గుతూ, కొత్త బురద బయటపడుతూ ఉండాలి. వేసవిలో గడ్డల మీద గుడ్లు పెట్టే టెర్న్‌లకు అసలు కావాల్సింది మట్టం ఉన్నట్టుండి పెరగకపోవడం. నిండు చెరువు చాలా పక్షులకు ఖాళీ పళ్లెంతో సమానమని పక్షులు చూసే మిత్రులు ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు.

పని అడిగినవాళ్లు చెప్పనివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. శిఖం భూముల్లో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో, సాగు చేసేవాళ్లకు సంక్రాంతికల్లా నీళ్లు వెనక్కి పోతే ఒక పంట చేతికొస్తుంది. చేపలు పట్టేవాళ్లకు చెరువు మరీ తగ్గితే వల వేయడం సులువు, మరీ ఎండితే వచ్చే ఏడు చేప ఉండదు. వీళ్లను నా మొదటి మ్యాప్‌లో ఏ రంగూ వేయకుండా వదిలేశాను. అది నెలల తప్పు కంటే పెద్దదని ఇప్పుడనిపిస్తుంది.

ఇక వరద. దానికి కావాల్సింది ఖాళీ.

ఖాళీ ఎంత కావాలి

ఉస్మాన్‌సాగర్‌కు నీళ్లొచ్చే పరివాహకం సుమారు 740 చదరపు కిలోమీటర్లు. అంత నేల మీద నుంచి ఒక్క అంగుళం నీరు పారి వస్తే 0.66 టీఎంసీ. ఆరంగుళాలు పారితే ఖాళీ చెరువు నిండిపోతుంది. ఇంకో వైపు నుంచి చూస్తే, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. సెప్టెంబరులో చెరువు అంచుల దాకా ఉండి, వికారాబాద్ అనంతగిరి వైపు ఒక రాత్రి గట్టి వాన పడితే, వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి వదలడం తప్ప ఇంకో దారి లేదు. గేట్లు ఎత్తుతారు.

ఒక వింత ఏమిటంటే, మామూలు ఏడాదిలో ఈ చెరువులకు వచ్చే నీళ్లు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయి. వాన తగ్గినందుకు కాదు. ఎగువన చెక్‌డ్యాములు, బోర్లు, పొలం గట్లు, రోడ్లు పెరిగాయి. చిన్న వానల నీళ్లు అక్కడే ఆగిపోతున్నాయి, పెద్ద వాన వస్తే మాత్రం ఏదీ ఆగదు. అందుకే నిండదేమో అనే భయం, నిండితే ఏమవుతుందో అనే టెన్షన్ రెండూ ఒకే చెరువు మీద ఉంటాయి. గేటు దగ్గర ఉండే మనిషికి సెప్టెంబరులో నిద్ర పట్టదంటే ఇందుకే. నీళ్లు వదిలేసి తర్వాత వాన పడకపోతే వేసవిలో తిట్లు, వదలకుండా ఉంచితే ఆ రాత్రే తిట్లు.

2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి రెండు చెరువుల నీళ్లూ వదిలితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది, ప్రయాణికుల్ని బయటికి తేవాల్సి వచ్చింది. బస్ స్టేషన్ ఉన్నదే నది ఒడిలో. ఆ మాట ఇక్కడ ఇంకా పొడిగించను.

రెండో నోట్

రెండోసారి మ్యాప్ ఇవ్వలేదు. పన్నెండు నెలల పట్టిక ఇచ్చాను, పై వరసలో నెలలు, పక్కన మట్టాలు, గడిలో ఎవరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు. చూడ్డానికి అంత అందంగా ఏమీ లేదు, ఎవరూ గోడకు తగిలించలేదు.

వరద నెలల్లో పూర్తి మట్టానికి రెండు అడుగులు తక్కువలో ఉంచి, అక్టోబరు సగమయ్యాక, వాతావరణ శాఖ సూచనలు చూసుకుని పైదాకా నింపుకోవచ్చు అని రాశాను. దీని మీదే ఎక్కువ వాదన జరిగింది. రెండడుగుల నీళ్లు వదులుకోవడం తాగునీటి వాళ్లకు ఇష్టం లేదు, రెండడుగులు సరిపోవని వరద వాళ్లు అన్నారు. ఇద్దరూ కొంచెం కొంచెం అసంతృప్తిగా ఉన్నారంటే అంకె అటూఇటూగా కుదిరినట్టే అని నాకు అనిపించింది.

పడవలు పూర్తిగా తీసేశాను. జెట్టీ నిలవడానికి చోటు లేదని తేలాక, తాగే నీళ్లలో పడవ ఎందుకు అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నడక దారిని ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) రాళ్లకు పైన, దూరంగా జరిపాను. మార్చి నుంచి జూన్ దాకా బయటపడ్డ గడ్డల మీదికి మనుషులు, కుక్కలు పోకుండా చూడాలని రాశాను. పెళ్లి ఫోటోల వాళ్లకు ఆ పగిలిన బురద భలే ఇష్టం. వాళ్లను అక్కణ్ణుంచి పంపించడం ఎంత కష్టమో కాపలావాళ్లను అడగాలి.

నోట్‌లో నాకు బాగా నచ్చిన భాగం మరుగుదొడ్ల గురించి. నవ్వుకోకండి. పార్కింగు, బజ్జీల బండ్లు, మొక్కజొన్న పొత్తులవాళ్లు, మరుగుదొడ్లు అన్నీ కట్టకు దిగువ వైపు పెట్టమన్నాను. ఎగువ వైపు పెడితే ఎంత మంచి సెప్టిక్ ట్యాంకు కట్టినా ఒక రోజు పొంగుతుంది, పొంగితే వాలు చెరువు వైపే. దిగువ వైపు పొంగితే వాసన వస్తుంది, తాగే నీళ్లకు ఏమీ కాదు. ఆదివారం పూట వేలమంది వచ్చే చోట నీళ్లను కాపాడేది బోర్డుల మీద రాసే సూక్తుల కంటే ఇలాంటి వాలు లెక్కే. చిల్కూరు బాలాజీ గుడి ఈ చెరువుకు దగ్గర్లోనే ఉంది. వీసా కోసం మొక్కుకుని 108 ప్రదక్షిణలు చేసేవాళ్లు తిరుగుదారిలో గండిపేట వైపు రాకుండా ఉండరు. వాళ్లను రావద్దనలేం, అనకూడదు కూడా.

శిఖం సాగుకు ఒక గడి ఇచ్చాను. ఎండిన నేలలో పంట వేసుకోవచ్చు, యూరియా, పురుగు మందు వద్దు అని. ఇది కాగితం మీద రాసినంత తేలిక కాదని నాకు తెలుసు. ఎవరు చూస్తారు, ఎవరు ఆపుతారు?

నోట్‌లో కొంత వాడారు, కొంత ఫైల్లో ఉంది. తర్వాత 2022లో గండిపేట దగ్గర ల్యాండ్‌స్కేప్ పార్కు తెరిచారు. దానికీ నా నోట్‌కీ సంబంధం లేదు. సాయంత్రం పూట అక్కడ జనాన్ని చూస్తే ఊళ్లో ఇలాంటి చోటు కోసం ఎంత ఆత్రం ఉందో తెలుస్తుంది.

111 జీవో గురించి రెండు మాటలు

గండిపేట మీద రాసి 111 జీవో ఎత్తకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు రెండు చెరువుల ఎఫ్‌టీఎల్ నుంచి 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను ఆపింది. ఆ పరిధిలో పెట్టబోయిన ఒక నూనె ఫ్యాక్టరీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో, మళ్లీ 2000లో వచ్చిన ఆ తీర్పులను ముందుజాగ్రత్త సూత్రానికి ఉదాహరణగా ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అని దాని సారం. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆ ఆంక్షలు తీసేయాలని నిర్ణయించింది. నగరం నీటి అవసరాల్లో ఈ చెరువుల వాటా ఇప్పుడు చాలా తక్కువ అన్నది అందుకు చూపిన ఒక కారణం.

వాటా తక్కువన్నది నిజమే. రెండింటి నుంచి కలిపి రోజుకు 4 కోట్ల గ్యాలన్లు తీసుకునే ఏర్పాటు ఉంది, నగరానికి కావాల్సింది అంతకు ఎన్నో రెట్లు. కానీ కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎక్కి రావాలి, ఇవి ఊరి అంచు నుంచి నడిచి వస్తాయి. శాతం లెక్కలో ఆ తేడా కనిపించదు. పైగా వరదకు వాటా లేదు. ఎగువన నేలంతా కాంక్రీటైతే, ముందు నేను చెప్పిన అంగుళం లెక్కలో నేల తాగే భాగం తగ్గి, పారి వచ్చే భాగం పెరుగుతుంది, అంతే త్వరగా వస్తుంది కూడా. 2024 ఆగస్టులో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఖానాపూర్, చిల్కూరు వైపు ఎఫ్‌టీఎల్ లోపలి కట్టడాలు కూల్చినప్పుడు చర్చంతా ఎవరి ఇల్లు అన్నదాని మీద నడిచింది. నాకు ఆసక్తి ఉన్నది పది కిలోమీటర్ల అవతల కట్టే ఇంటి మురుగు ఎటు పారుతుంది అన్నదాని మీద.

గోదావరి నీళ్లొస్తే

2025 సెప్టెంబరు 8న గోదావరి తాగునీటి పథకం రెండు, మూడు దశలకు గండిపేట దగ్గరే శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ జలాశయం నుంచి 20 టీఎంసీలు తెస్తారు. అందులో 2.5 టీఎంసీలు మూసీకి ప్రాణం పోయడానికి ఈ జంట జలాశయాలకు ఇస్తారు. బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చింది ఆ తర్వాత పద్దెనిమిదో రోజు.

జంట జలాశయాల నిల్వ మొత్తం కలిపితే ఏడు టీఎంసీలకు కాస్త తక్కువ. అందులో రెండున్నర అంటే మూడో వంతు కంటే ఎక్కువే. మే నెలలో వాసన పోతుంది, ఫోన్లు తగ్గుతాయి, పార్కుకు వచ్చినవాళ్లకు బురద బదులు నీళ్లు కనిపిస్తాయి. నా వృత్తికి ఇది మంచి వార్తే. అయితే వేసవిలో గడ్డలు తేలకపోతే టెర్న్‌లు ఎక్కడ గుడ్లు పెడతాయి? ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మట్టం పెంచితే పెట్టిన గుడ్లు ఏమవుతాయి? జూన్‌కే చెరువు సగానికి పైగా నిండి ఉంటే సెప్టెంబరు వరదకు ఖాళీ ఎక్కడిది? ఇంతకాలం ఎండాకాలమే ఉచితంగా ఖాళీ చేసిపెట్టేది.

ఆ మధ్య ఒకసారి కట్ట వైపు వెళ్లినప్పుడు ఆ లష్కర్ గురించి అడిగితే రిటైర్ అయ్యారన్నారు. రిజిస్టర్ ఇప్పుడు ఇంకొకరు రాస్తున్నారు. నా పాత నోట్ ఫైలు తెరిచి చివర కొత్త పేజీ చేర్చాను. గోదావరి పంపు ఏ మట్టం దగ్గర ఆన్ చేయాలి, ఏ మట్టం దగ్గర ఆపాలి అని రెండు వరసలు. పై వరసలో పన్నెండు నెలలు రాసి, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉన్న గడులు ఇంకా ఖాళీగానే ఉంచాను.